అప్‌డేట్: పాత మార్కెట్ గోడ మీది చిత్రం పెచ్చులూడటానికి కారణం తెలిసింది

సికింద్రాబాద్‌లోని మా పాత మార్కెట్ భవనాన్ని బాగుచేస్తున్నప్పుడు, కూరగాయలమ్మే వారి బొమ్మలున్న గోడ ఎందుకు పెచ్చులూడుతోందని అడిగాను. జవాబిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. రంగును వదిలి కింది పూతను చూడమన్న సలహాయే పనికొచ్చింది. సంరక్షణ నిపుణురాలు ఒక పెచ్చు ఊడదీసి చూపిస్తే వెనుక తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. డంగు సున్నం (ఇసుకతో కలిపి గానుగలో నూరిన సున్నం) గోడకు ఎప్పుడో సిమెంటు పూసి, దానిపై ఆక్రిలిక్ రంగు వేయడంతో, లోపలి చెమ్మ ఆవిరయ్యే దారి లేక, తనతో తెచ్చిన ఉప్పును రంగు వెనుక పేర్చి దాన్ని బయటికి నెట్టేస్తోందని ఆమె తేల్చారు. ఎండ, రంగు నాణ్యత కారణాలు కావు. ముందు డాబా మీది వాన నీటి గొట్టం లీకు ఆపించి, బొమ్మల గీతలను కాగితం మీదికి ఎత్తుకుని, సిమెంటు తీయించి, సున్నంతోనే పూత వేయించాము. హైదరాబాద్‌లోని 1935 నాటి మొజంజాహీ మార్కెట్ పునరుద్ధరణలోనూ సున్నమే వాడారు. పూత పూర్తిగా ఆరాక సున్నపు రంగులతో మళ్లీ గీయించిన బొమ్మలు ఈ వానాకాలం తర్వాత కూడా చెక్కుచెదరలేదు.