ఈమెయిల్‌లో ఏఐ వద్దంటే పాత సౌకర్యాలూ వదులుకోవాలా?

పర్లాకిమిడి మాస్టారు
అందరికీ నమస్కారం. పదవీ విరమణ చేసినవాణ్ణి, నాకు వచ్చేవి నాలుగు ఉత్తరాలు. వాటిని పూర్తిగా చదువుకునే ఓపిక ఇంకా ఉంది. తెరిచిన ప్రతి ఉత్తరం మీదా ఒక సారాంశం, కింద సిద్ధంగా ఒక జవాబు నాకెందుకు? తీసేసే దారి వెతికితే తెలిసిందిది: జీమెయిల్‌లో ‘స్మార్ట్ ఫీచర్స్’ అనే టిక్కు తీసేస్తే గూగుల్ వారి ఏఐ జెమినీ ఇచ్చే సారాంశాలు ఆగుతాయి. దానితోపాటు 2013 నుంచి ఉన్న ప్రమోషన్స్, సోషల్ అరలూ ఆగుతాయి. టికెట్టు ఉత్తరం రాగానే క్యాలెండర్‌లో తేదీ ఎక్కడమూ ఆగుతుంది. ఒకటి వద్దన్నందుకు అన్నీ పోవాలట. ఇది న్యాయమేనా? మీరంతా ఏం చేశారు?

గుణుపురం కంప్యూటర్
మాస్టారూ, కంప్యూటర్‌లో పళ్లచక్రం గుర్తు నొక్కి, అన్ని సెట్టింగ్స్ తెరిచి, ‘జనరల్’లో చూడండి. ‘స్మార్ట్ ఫీచర్స్’ కిందనే ‘వర్క్‌స్పేస్ స్మార్ట్ ఫీచర్స్’ అని ఇంకొకటి ఉంటుంది, అది క్యాలెండర్, డ్రైవ్ లాంటి మిగతా గూగుల్ సేవలకు. రెండూ వేర్వేరు, రెండూ చూసుకోవాలి. అరలు పోయినా ఫిల్టర్లు పోవు. ఎవరి నుంచి వచ్చే ఉత్తరం ఏ లేబుల్ కిందికి వెళ్లాలో మీరే రాసి పెట్టుకోవచ్చు. స్పామ్ జల్లెడకూ ఏమీ కాదు. అరగంట పని.

గిరి రోడ్డు టైపు
అది తీసేయడం కాదు, దాచడం. టిక్కు తీస్తే మనకు కనిపించడం మానేస్తుంది, అంతే. సామాను సర్వర్‌లో అలాగే ఉంటుంది. తీసేయడం అంటే ప్రోగ్రామును అన్‌ఇన్‌స్టాల్ చేసినట్టు ఉండాలి.

గుణుపురం కంప్యూటర్
వెబ్‌లో నడిచే ఈమెయిల్‌లో అన్‌ఇన్‌స్టాల్ అనే మాటకు అర్థం లేదండీ. మీ ఉత్తరాల మీద అది పనిచేయకుండా ఆపడమే అక్కడ తీసేయడం.

గిరి రోడ్డు టైపు
నేనన్నదీ అదే. తీసేయలేదు.

బరంపురం పట్టు
అసలు ఎందుకు తీసేయాలో చెప్పండి ముందు. మాది పట్టు చీరల వ్యాపారం. కొనేవాళ్లు సూరత్‌లో, కోల్‌కతాలో, దుబాయిలో ఉంటారు. వాళ్లకు జవాబు రాయాలంటే ఒకప్పుడు రాత్రి దుకాణం కట్టేశాక కూర్చునేవాణ్ణి. ఇప్పుడు నాకు వచ్చిన ఇంగ్లీషులో నాలుగు ముక్కలు కొడితే అదే చక్కని ఉత్తరం చేసి ఇస్తుంది. సమయం మిగిలింది, పరువూ మిగిలింది. మాస్టారికి ఇంగ్లీషు వచ్చు కాబట్టి ఆయనకు అక్కర్లేదు. అందరూ మాస్టార్లు కారు కదా.

పర్లాకిమిడి మాస్టారు
నేను మీ దగ్గర ఉన్నది తీసేయమనలేదు. నాకు వద్దనే హక్కు గురించి అడిగాను. ఐరోపా సంఘం, బ్రిటన్, స్విట్జర్లాండ్, జపాన్ దేశాల్లో ఈ స్మార్ట్ ఫీచర్స్ మొదట ఆఫ్‌లోనే ఉంటాయి, కావలసినవాళ్లు ఆన్ చేసుకుంటారు. మనకు మాత్రం అవి ఆన్‌లోనే చేతికి వస్తాయి. మనమేం తక్కువ?

రాయగడ లెక్కలు
డబ్బు సంగతి ఎవరూ ఎత్తరేం? 2025 జనవరిలో మైక్రోసాఫ్ట్ వర్డ్, ఎక్సెల్ లాంటివి ఇచ్చే తన ఇంటి వాడకం చందాల్లో కోపైలట్ అనే తన ఏఐని కలిపి, ధర పెంచింది. కోపైలట్ లేకుండా పాత ధరకే ‘క్లాసిక్’ పథకం ఉండేది. కానీ అది కంటబడాలంటే చందా రద్దు చేసుకునే దారిలో కొంత దూరం వెళ్లాల్సి వచ్చేది. ఆస్ట్రేలియా వినియోగదారుల సంస్థ 2025 అక్టోబరులో దీని మీదే కోర్టుకెక్కింది. సుమారు 27 లక్షల మందిని తప్పుదోవ పట్టించారన్నది అభియోగం. తర్వాత కంపెనీ క్షమాపణ చెప్పి, డబ్బు వాపసు ఇస్తామంది. లెక్కలు రాసేవాడిగా నాకు మండేది ఇక్కడే. అడగని వడ్డన వడ్డించి, బిల్లులో కలిపి, వద్దన్నవాడికి ఆ కాగితం దొరక్కుండా చేయడం.

సిరోంచ నుంచి
మా దగ్గర నెట్ పాకుతుంది. జీమెయిల్‌కు ‘బేసిక్ హెచ్‌టీఎంఎల్’ అనే పాత తేలికపాటి తెర ఉన్నన్నాళ్లు హాయిగా తెరుచుకునేది. 2024 మొదట్లో దాన్నీ ఎత్తేశారు. ఏఐ సంగతి తర్వాత, ముందు ఉత్తరం తెరుచుకుంటే చాలు.

గిరి రోడ్డు టైపు
మన ఉత్తరాలు చదివి ఆ యంత్రానికి చదువు చెబుతున్నారని వార్తల్లో వచ్చింది. దానికి జవాబు చెప్పండి.

గుణుపురం కంప్యూటర్
2025 నవంబరులో ఆ మాట పాకింది, నిజమే. జీమెయిల్ ఉత్తరాలతో జెమినీకి శిక్షణ ఇవ్వడం లేదని గూగుల్ ఖండించింది. ఆ సంగతి రాసిన భద్రతా సంస్థ కూడా తన కథనాన్ని సరిచేసుకుంది. శిక్షణ వేరు, మీ ఉత్తరాన్ని చదివి మీకే సారాంశం ఇవ్వడం వేరు. రెండోది జరుగుతుంది. మొదటిది జరుగుతోందనడానికి ఆధారం లేదు. భయపడాల్సింది ఇంకోటి ఉంది. 2025 జులైలో ఒక పరిశోధకుడు చూపించాడు: ఉత్తరంలో తెల్ల కాగితం మీద తెల్ల సిరా లాగా కంటికి కనిపించని ఆదేశం రాసి పెడితే, జెమినీ సారాంశం దాన్ని నమ్మి ‘మీ పాస్‌వర్డ్ పోయింది, ఈ నంబరుకు ఫోను చేయండి’ అని చెబుతుంది. సారాంశం మాత్రమే చదివేవాళ్లు మోసపోతారు.

గిరి రోడ్డు టైపు
ఖండించింది ఎవరు? గూగులే కదా. అలాంటప్పుడు నా మాట అలాగే ఉంది.

బరంపురం పట్టు
టైపు అన్నయ్యా, ఇంకా ఎన్నిసార్లు అదే మాట? సాంకేతికం తెలిసినాయన విడమరిచి చెబుతున్నారు కదా. మీకు నచ్చకపోతే ఆపేసుకోండి. ఊరందరి చేత మాన్పించాలని ఎందుకు?

గిరి రోడ్డు టైపు
ఎందుకో చెబుతాను. ఉత్తరాలు, దరఖాస్తులు టైపు చేయించుకోవడానికి మా దుకాణానికి వచ్చే ఒక నేత పెద్దాయనకు ఒక పెద్ద కొనుగోలుదారు నుంచి బకాయి రావాలి. అటు నుంచి ‘ఆలస్యానికి మన్నించండి, వచ్చే నెల చూద్దాం’ అని ఉత్తరం. ఆయన మనవడి ఫోనులో కింద సిద్ధంగా జవాబు కనిపించింది: ‘పరవాలేదు, మీ సహకారానికి కృతజ్ఞతలు.’ కుర్రవాడు నొక్కి పంపేశాడు. డబ్బు రావాల్సినవాడు కృతజ్ఞతలు చెప్పాడు! తర్వాత పెద్దాయన గట్టిగా అడిగితే, ‘పరవాలేదని మీరే రాశారు కదా’ అని అదే ఉత్తరం తిప్పి పంపారు. నా దగ్గరికి వస్తే నేను ముందు అడిగేవాణ్ణి: బాబూ, నీకు గడువు ఇవ్వాలనుందా, డబ్బు కావాలనుందా? ఆ యంత్రం అడగదు. ఎదుటివాడికి నొప్పి తగలకుండా రాయడమే దానికి తెలిసిన మర్యాద.

బరంపురం పట్టు
కుర్రవాడు చూడకుండా పంపితే యంత్రం ఏం చేస్తుంది?

రాయగడ లెక్కలు
ఆ మాట నిజమే కానీ, ఆ వాక్యాన్ని అక్కడ పెట్టింది ఎవరు?

బరంపురం పట్టు
సరే, ఇక దాచను. టైపు అన్నయ్య బాధ ఏఐ గురించి కాదు. పేజీకి ఇంత అని తీసుకునే రుసుము గురించి. దరఖాస్తు రాయించుకోవడానికి మా నాన్నగారు ఆ బల్ల ముందు గంటల తరబడి నిలబడేవారు. రాసిచ్చిన దానిలో ఏముందో ఆయనకు తెలిసేది కాదు. ఇప్పుడు మేమే రాసుకుంటున్నాం. అది కొందరికి మింగుడు పడదు.

గిరి రోడ్డు టైపు
రుసుము తీసుకున్నాను. ఇంట్లో పొయ్యి వెలగాలి కదా! కానీ మీ నాన్నగారి చేత తప్పు కాగితం మీద సంతకం ఎన్నడూ పెట్టించలేదు. చదివి వినిపించాకే పెట్టించేవాణ్ణి. మీ దగ్గర ఉన్నది వినిపిస్తుందా? పొరపాటు జరిగితే మీ నాన్నగారు నా దుకాణం ముందుకు వచ్చి కేకలేసేవారు. ఇప్పుడు మీరు ఎవరి ముందుకు వెళ్లి కేకలేస్తారు?

నిర్వాహకుడు
తండ్రుల దాకా వెళ్లవద్దు. విషయం మీదే మాట్లాడండి.

ఇచ్ఛాపురం ఆడపడుచు
మీరంతా పెద్దవాళ్లు. నేను ఇచ్ఛాపురం నుంచి బరంపురానికి కోడలిగా వచ్చినదాన్ని. ఒడియా మాట్లాడతాను, చదవడం రాదు. పిల్లల బడి నుంచి ఒడియాలో ఉత్తరం వస్తే మా వారు వచ్చేదాకా అది అలా ఉండేది. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో ఒడియా 2020లో వచ్చింది. అప్పటి నుంచి చదువుకుంటున్నాను. ఏఐ వచ్చాక జవాబు కూడా ఇంగ్లీషులో నేనే రాస్తున్నాను. ఎవరినీ బతిమాలకుండా. అది నాకు చిన్న సంగతి కాదు.

గిరి రోడ్డు టైపు
అమ్మా, అనువాదం వేరు. దాన్ని నేనూ కాదనను. ఈమెయిల్‌లో చొరబడినదాన్ని కాదంటున్నాను.

ఇచ్ఛాపురం ఆడపడుచు
నాకు రెండూ ఒకే ఫోనులో, ఒకే పనికి కలిసి వస్తాయి బాబాయి గారూ.

పర్లాకిమిడి మాస్టారు
అమ్మాయి చెప్పింది కాదనలేను. కానీ మాట పక్కకు పోయింది. ఆమెకు కావాలి, ఉంచుకోవాలి. నాకు వద్దు, తీసేయగలగాలి, అరలు నాకు మిగలాలి. ఈ రెండూ ఒకేసారి కుదరవని చెప్పింది యంత్రం కాదు. టిక్కులను ఒకదానికొకటి ముడివేసిన మనుషులు చెప్పారు. పట్టు బాబూ, టైపు గారూ, మీరిద్దరూ పోట్లాడుకుంటుంటే ఆ ముడి వేసినవాడు చల్లగా ఉన్నాడు.

గుణుపురం కంప్యూటర్
మాస్టారికి ఇంకో దారి. థండర్‌బర్డ్ అని ఈమెయిల్ చదువుకునే వేరే ప్రోగ్రాము ఉంది, ఉచితం. జీమెయిల్ ఖాతాను అందులో కలుపుకుంటే ఆ ఏఐ బొత్తాలు తెర మీదికి రావు. ఆండ్రాయిడ్‌కు 2024 అక్టోబరు నుంచి ఉంది. అరలు మాత్రం అక్కడా ఉండవు, ఫిల్టర్లే గతి.

గిరి రోడ్డు టైపు
థండర్‌బర్డ్‌లో పెట్టినా ఉత్తరం గూగుల్ సర్వర్‌లోనే ఉంటుంది. కాబట్టి తీసేసినట్టు కాదు.

బరంపురం పట్టు
మొదలుపెట్టారు మళ్లీ.

గిరి రోడ్డు టైపు
ఇచ్ఛాపురం అమ్మాయీ, బడి ఉత్తరం ఏది వచ్చినా దుకాణానికి తీసుకురా. చదివి చెబుతాను, జవాబూ రాసిస్తాను. డబ్బు వద్దు.

ఇచ్ఛాపురం ఆడపడుచు
మీ మంచి మనసుకు దండం బాబాయి గారూ. కానీ ఉత్తరం రాత్రి తొమ్మిదింటికి వస్తుంది, జవాబు పొద్దున ఏడింటికల్లా కావాలంటారు. మీ దుకాణం తెరిచేది పదింటికి కదా?