సమస్యాపూరణం: "పస్తులున్న నాడె పండుగయ్యె"

నిర్వాహకుడు:
మిత్రులకు నమస్కారం. ఈ వారం ఆటవెలది. నాలుగో పాదం ఇస్తున్నాను, పై మూడు పాదాలూ మీవి.

పస్తులున్న నాడె పండుగయ్యె

ఏ మతంవారి పండుగైనా, ఏ దేశపు ఆచారమైనా తీసుకోండి. ఒక్క కోరిక ఉంది. పండుగ పేరు ఊరికే తగిలించి వదిలేయకండి, ఆ పేరు లోపల ఏముందో కాస్త తవ్వి చూడండి. 'నాడె' అన్నచోట ఉన్న ఎత్వాన్ని, అంటే 'ఆనాడే' అన్న నొక్కును, మరవకండి. పస్తు ఒకనాడు, పండుగ మరునాడు అంటే సమస్య తీరినట్టు కాదు.

బడిపంతులు:
ఆత్మశుద్ధి కోరి యన్నపానమ్ములు
విడిచి, యేటి తప్పు విన్నవించి
యోము కిప్పురందు యూదులు వేడగా
పస్తులున్న నాడె పండుగయ్యె

హీబ్రూలో 'యోమ్' అంటే దినం, 'కిప్పూర్' అంటే ప్రాయశ్చిత్తం. యూదుల పంచాంగంలో తిష్రీ నెల పదో రోజు. సుమారు 25 గంటలు అన్నమూ నీళ్లూ రెండూ ముట్టరు.

నిర్వాహకుడు:
పంతులుగారూ, చక్కటి పూరణ. 'యేటి తప్పు విన్నవించి' అన్న పాదం చాలా నచ్చింది. యో-యూ యతి (పాదం మొదటి అక్షరానికి జత) కూడా ఇబ్బంది లేకుండా కుదిరింది.

పెద్దక్క:
పద్యం బాగుంది పంతులుగారూ, కానీ నాకో సందేహం. తిండి దొరక్క కడుపు మాడితే పస్తు. కావాలని మానితే ఉపవాసం. సమస్యలో 'పస్తు' ఉంది కాబట్టి తప్పదనుకోండి, అయినా ప్రాయశ్చిత్త దినానికి ఆ మాట అతుకుతుందా? ఇంకొకటి, తప్పులు ఒప్పుకుని ఏడ్చే రోజును పండుగ అనవచ్చా?

బడిపంతులు:
మంచి ప్రశ్నలమ్మా. రెండోదానికి ముందు జవాబు చెబుతాను. యూదుల ప్రాచీన ధర్మగ్రంథం మిష్నాలో ఉపవాసాల గురించి 'తానిత్' అనే భాగం ఉంది. ఆవ్ నెల పదిహేనో రోజు, యోమ్ కిప్పూర్, ఈ రెండింటిని మించిన సంతోష దినాలు ఇశ్రాయేలుకు లేవని అందులోనే ఉంది. ఆనాడు యెరూషలేము కన్యలు తెల్లబట్టలు కట్టుకుని, అరువు తెచ్చుకున్నవే కట్టుకుని, ద్రాక్షతోటల్లో నాట్యం చేసేవారట. అరువు ఎందుకంటే, బట్టలు లేని పిల్ల చిన్నబోకూడదని. ఈ సంగతి తెలిశాకే నాకు మూడో పాదం వచ్చింది. ఇక 'పస్తు' మాటకొస్తే, బైబిలులోని లేవీయకాండంలో ఈ రోజుకు ఉన్న ఆజ్ఞ తమను తాము కష్టపెట్టుకొమ్మని. కాబట్టి ఉపవాసం కంటే పస్తే దగ్గరగా ఉందని నా అభిప్రాయం.

నిర్వాహకుడు:
సమస్య ఇచ్చినప్పుడు నాకు ఇంత లోతు తోచలేదు పంతులుగారూ. అరువు బట్టల ముక్క మనసులో నిలిచిపోయింది.

సంజెవెలుగు:
నెలదినాలు రోజ నిష్ఠతో పాటించి
నింగిలోన వంక నెలను జూచి
ఈదు వచ్చెననుచు నిష్టులు మురియగా
పస్తులున్న నాడె పండుగయ్యె

నిర్వాహకుడు:
గణాలు, యతులు సరిగ్గా ఉన్నాయి. ధార కూడా ఉంది. భావం దగ్గరే ఆగిపోయాను. ఈద్ రోజున ఉపవాసం నిషిద్ధం. నెలవంక కనబడగానే రంజాన్ నెల ముగుస్తుంది, తెల్లవారితే తినే తీరాలి. 'ఈదుల్ ఫిత్ర్' పేరే చూడండి, 'ఫిత్ర్' అంటే ఉపవాసం విడవడం. పండుగ పేరే మీ పద్యాన్ని కాదంటోంది. పస్తు నిన్నటిదైంది, పండుగ నేటిదైంది, 'నాడె' ఒంటరిదైపోయింది. అదే ధాతువు నుంచి వచ్చిన మరో మాట ఉంది. దాన్ని పట్టుకుంటే మీ పద్యం నిలబడుతుంది.

సంజెవెలుగు:
నిజమే సార్, ఈద్ అనగానే కలం పరుగెత్తింది. మీరన్న మాట దొరికింది. మా మిత్రుడి ఇంట ఒకసారి ఇఫ్తార్‌కు కూర్చున్నాను. అందరి చేతుల్లోనూ ఒక్కో ఖర్జూరం ఉంది, నోట్లో ఎవరూ వేసుకోలేదు. ఆరేళ్ల పిల్లాడు కూడా పండును వేళ్లతో తిప్పుతూ కిటికీ వైపే చూస్తున్నాడు. అజాన్ వినబడింది. ఆ పిల్లాడు తన పండు ముందు నాకిచ్చి, ఇంకొకటి తీసుకున్నాడు. అదే రాశాను.

నెలదినాలు రోజ నిష్ఠతో పాటించి
సందె వేళ జేరి సకలజనులు
ఇచ్చి పుచ్చుకొనెడి యిఫ్తారు కతమున
పస్తులున్న నాడె పండుగయ్యె

నిర్వాహకుడు:
ఇప్పుడు తాళం తెరుచుకుంది! పగలు పస్తు, అదే సందెకు పండుగ. 'ఇచ్చి పుచ్చుకొనెడి' అన్న మాట ఆ పిల్లాడి చేతిలోంచి వచ్చిందని చెప్పకపోయినా తెలిసేది. అభినందనలు.

పెద్దక్క:
ఇఫ్తార్‌కు మనకు 'పారణ', అంటే ఉపవాసం విడిచి తినడం, ఉంది కదా, అది వాడితే?

బడిపంతులు:
అర్థం దగ్గరిదే కానీ ఇక్కడ ఇమడదమ్మా. ఏకాదశి ఉపవాసానికి పారణ ద్వాదశి నాడు. మళ్లీ 'నాడె' చెదిరిపోతుంది.

పెద్దక్క:
సరే, అయితే నా పూరణ.

వైరభావ మణచు పర్యూషణపు వేళ
జైను లన్న మెల్ల సంత్యజించి
తప్పు సైపుమనుచు దలవంచి వేడగా
పస్తులున్న నాడె పండుగయ్యె

పర్యూషణ జైనుల్లో శ్వేతాంబర శాఖవారికి ఎనిమిది రోజులు. దిగంబర శాఖవారు పది రోజులు చేస్తారు, దాన్ని దశలక్షణ పర్వం అంటారు. శ్వేతాంబరుల చివరి రోజు సంవత్సరి. ఆనాడు 'మిచ్ఛామి దుక్కడం' అని ఒకరినొకరు క్షమాపణ అడుగుతారు. ప్రాకృతం అది, నేను చేసిన చెడు వ్యర్థమైపోవుగాక అని అర్థం.

నిర్వాహకుడు:
అక్కా, ఈ వారం వచ్చినవాటిలో సమస్యకు అతి సహజంగా ఒదిగింది ఇదే. ఇక్కడ పస్తు పండుగకు ముందూ లేదు, వెనకా లేదు. ఉపవాసమే పండుగ. చిన్న సూచన, 'సంత్యజించి' దగ్గర నాలుక బరువెక్కుతోంది. 'జైను లన్న మెల్ల జతగ విడిచి' అంటే యతీ నిలుస్తుంది, అందరూ కలిసి పట్టే వ్రతమనీ తెలుస్తుంది.

పెద్దక్క:
'జతగ' చాలా బాగుంది. మార్చుకుంటాను.

కొత్తకలం:
అందరికీ నమస్కారం. ఛందస్సు నేర్చుకుంటూ రాస్తున్న మూడో పద్యం ఇది. తప్పులుంటే చెప్పండి. కార్నివాల్ మీద రాద్దామనుకుని ఆగిపోయాను, అది ఉపవాసమేనా అని అనుమానం వచ్చింది.

ఉపవసించుటనగ నుండుట చేరువ
దేవదేవు పజ్జ దినము గడిపి
ఆకలిని మరచి సంతోష మొదవంగ
పస్తులున్న నాడె పండుగయ్యె

నిర్వాహకుడు:
కార్నివాల్‌ను వదిలేసి మంచి పని చేశారు. లాటిన్‌లో 'కార్నె' అంటే మాంసం. భస్మ బుధవారంతో క్రైస్తవుల నలభై రోజుల ఉపవాస శ్రమదినాలు మొదలవుతాయి కదా, వాటికి ముందు కడుపునిండా తిని ఆడిపాడే రోజులవి. అక్కడ పస్తు ఇంకా రానే లేదు.

ఇక పద్యం. మొదటి పాదం చదివి లేచి కూర్చున్నాను. 'ఉప' అంటే దగ్గర, 'వాసం' అంటే ఉండటం. తిండి మానడం అన్న అర్థం ఆ పదంలో ఎక్కడా లేదు. మూడో పాదం మాత్రం తడబడింది. విడదీసి చూద్దాం: ఆక (హగణం), లినిమ (నగణం), ఆ తర్వాత 'రచిసం' అని సగణం పడింది. అక్కడ సూర్యగణమే (హగణమో నగణమో) రావాలి. పైగా మొదటి 'ఆ'కు యతిస్థానంలో జత లేదు. 'సంతోషం' తీసి 'ఆనందం' పెట్టి చూడండి, యతి కుదురుతుంది. దానికి ముందు ఒక లఘువు పెంచితే గణమూ సర్దుకుంటుంది.

బడిపంతులు:
కొత్తకలం గారూ, మీ మొదటి పాదానికి ఇంకో బలం ఉంది. ఉపవాసంలోని 'వస్' ధాతువే పర్యూషణలోనూ ఉంది. అక్కగారి పద్యం, మీ పద్యం ఒకే వేరు నుంచి మొలిచాయి.

కొత్తకలం:
ఈ మాట విన్నాక రాత్రి నిద్రపట్టలేదండీ. కాగితం మీద గురులఘువులు గీసుకుంటూ కూర్చున్నాను. మూడో పాదం ఇలా మార్చాను:

ఆకలియును మఱచి యానంద మొదవంగ

నిర్వాహకుడు:
ఆక, లియును, మఱచి, యానంద, మొదవంగ. హ, న, న, త, సల. యతి ఆ-యా. ఒక్క అక్షరం కూడా కదపక్కర్లేదు. మూడో పద్యానికే ఇంత పట్టు చిక్కింది, నాలుగోది తప్పకుండా పంపండి.

వచ్చే వారానికి తేటగీతి పాదం. భూగోళం దక్షిణ సగంలో డిసెంబరు ఎలా ఉంటుందో తలచుకుంటే దారి దొరుకుతుంది:

ఎండ మెండుగఁ గాయగా నేసు పుట్టె