ఐటీఐ ఎలక్ట్రీషియన్ అయ్యాక అప్రెంటిస్ ఎక్కడ చేయాలి? బ్రోకర్ 15 వేలు అడుగుతున్నాడు

తుని_అమ్మాయి:
మా తమ్ముడు కాకినాడలో ఐటీఐ ఎలక్ట్రీషియన్ పూర్తి చేశాడు, మార్కులు 70 శాతం దాటాయి. ఇప్పుడు అప్రెంటిస్ (కంపెనీలో పని నేర్చుకునే శిక్షణ) చేస్తే మంచిదని అందరూ అంటున్నారు గానీ ఎక్కడ, ఎలా అన్నది ఎవరూ సరిగ్గా చెప్పట్లేదు. ఈలోగా ఒకాయన ఫోన్ చేసి, పరవాడ వైపు మందుల కంపెనీలో అప్రెంటిస్ సీటు ఇప్పిస్తా, 15 వేలు కట్టండి, ఏడాది తిరగ్గానే పర్మనెంట్ అంటున్నాడు. నాన్న కట్టేద్దాం అంటున్నారు, నాకే ఎక్కడో తేడా కొడుతోంది. అసలు అది ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ అయిన అప్రెంటిస్‌షిప్పో కాదో ఎలా తెలుస్తుంది?

లాలాగూడ_ఫిట్టర్:
ముందు ఆ డబ్బు ఆపించండి. అప్రెంటిస్ సీటుకి మనం కంపెనీకి కట్టేదేమీ ఉండదు, కంపెనీయే మనకి స్టైపెండ్, అంటే శిక్షణలో ఉన్నన్నాళ్ళు నెలనెలా డబ్బు, ఇవ్వాలి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ఇప్పటికీ నడుస్తోంది. దాని ప్రకారం 30 మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే సంస్థ తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను పెట్టుకోవాల్సిందే, అంటే అవసరం వాళ్ళకీ ఉంది, మధ్యలో ఇతనెందుకు? 2019లో రూల్స్ వచ్చినప్పుడు ఐటీఐ పాసైనవాళ్ళకి కనీస స్టైపెండ్ నెలకి 7 వేలు అని పెట్టారు. ఇక పర్మనెంట్ మాట నమ్మకండి, ఉద్యోగం ఇచ్చి తీరాలని చట్టంలో లేదు, అది కంపెనీ పాలసీని బట్టి ఉంటుంది.

చెక్ చేయడం తేలికే. తమ్ముడి పేరుతో కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ అయిన అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో ప్రొఫైల్ పెట్టించండి. కంపెనీ అక్కడ రిజిస్టర్ అయి ఉండాలి, అక్కడి నుంచే ఆఫర్ రావాలి, తర్వాత కాంట్రాక్టు మీవాడి లాగిన్‌లోనే కనపడుతుంది. అందులో ట్రేడ్ ఎలక్ట్రీషియన్ అనే ఉందా, మొదలయ్యే తేదీ, అయిపోయే తేదీ, స్టైపెండ్ ఎంత, ఇవన్నీ చూసుకున్నాకే ఓకే కొట్టాలి. లెటర్‌హెడ్ మీద ఇచ్చిన ట్రైనీ లెటర్ పట్టుకుని చేరితే అది అప్రెంటిస్‌షిప్ కాదు, చవకగా దొరికిన కూలి పని.

గాజువాక_బాబాయ్:
పైన ఫిట్టర్ చెప్పింది నిజమే, కానీ దానికంటే ముఖ్యమైనది ఒకటుంది తల్లీ. రైల్వే, డాక్‌యార్డ్ (నేవీ ఓడల మరమ్మతు కేంద్రం), ఈసీఐఎల్ (హైదరాబాద్‌లోని ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ కంపెనీ) లాంటివాళ్ళ నోటిఫికేషన్లు చదివితే, ఇంతకుముందు అప్రెంటిస్ చేసినవాళ్ళు, ఇప్పుడు చేస్తున్నవాళ్ళు అనర్హులు అని రాసి ఉంటుంది. ఏదో ఒక కంపెనీలో హడావుడిగా కాంట్రాక్టు ఓకే చేసేస్తే ఆ తలుపులన్నీ మూసుకుపోయినట్టే. డబ్బు పోతే మళ్ళీ సంపాదించుకోవచ్చు, ఇది అలా కాదు.

మీకు దగ్గర కాబట్టి విశాఖ నేవల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూల్ చూడండి. పదిలో 50 శాతం, ఐటీఐలో 65 శాతం అడుగుతారు, రాత పరీక్ష ఉంటుంది, మీవాడు ధైర్యంగా వేయొచ్చు. పోర్టల్‌లో అప్లై చేసి ఊరుకుంటే సరిపోదు, ప్రింటు తీసి కాగితాలతో పోస్టులో కూడా పంపాలి, చాలామంది అక్కడే తప్పిపోతారు. సౌత్ సెంట్రల్ రైల్వే వాళ్ళయితే పరీక్ష పెట్టరు, పది, ఐటీఐ మార్కులు కలిపి మెరిట్ తీస్తారు, ఫీజు 100 రూపాయలు. అప్రెంటిస్ అయ్యాక ట్రేడ్ టెస్టు పాసై ఎన్‌ఏసీ (జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్) తెచ్చుకుంటే రైల్వే లెవల్ 1, అంటే మొదటి మెట్టు, డైరెక్ట్ ఉద్యోగాల్లో 20 శాతం రైల్వేలో అప్రెంటిస్ చేసినవాళ్ళకే ఉంటాయి. ఈ రైల్వే అప్రెంటిస్‌కి వయసు మాత్రం 24 దాటకూడదు, రిజర్వేషన్ ఉంటే సడలింపు ఉంది.

పానెల్_బోర్డ్_రాజు:
బాబాయ్ గారూ, పెద్ద సంస్థ అయితే చాలు అనుకోవడం కూడా కరెక్ట్ కాదండీ. పెద్ద చోట్ల కొన్నిసార్లు పనిముట్టు ముట్టుకోనివ్వరు, పక్కన నిలబడి చూడటమే. నేను ఓ మామూలు స్థాయి ఫ్యాక్టరీలో పక్కా కాంట్రాక్టు మీదే చేశాను. మోటారు ట్రిప్పయితే మెగ్గర్ (ఇన్సులేషన్ బాగుందో లేదో కొలిచే మీటరు) నాకే ఇచ్చి, సప్లై తీసి ఉందో లేదో ముందు నన్నే చూసుకోమని, ఇన్సులేషన్ రీడింగ్ రాయించి, వైండింగ్ పోయిందా కేబుల్ పోయిందా నువ్వే చెప్పు అనేవాడు మా ఫోర్‌మన్. కాలిపోయిన కాంటాక్టర్లు (మోటారుకి కరెంటు ఇచ్చే, ఆపే స్విచ్‌లు) విప్పి మార్చడం అక్కడే వచ్చింది. మా బ్యాచ్‌లో ఒకడు కాంట్రాక్టు లేకుండా ఇంకోచోట చేరాడు, ఎలక్ట్రీషియన్ అని తీసుకెళ్ళి ప్యాకింగ్‌లో అట్టపెట్టెలు మోయించారు. అందుకని అక్కా, ఏ సెక్షన్‌లో వేస్తారో అక్కడ ఇప్పటికే చేస్తున్న కుర్రాళ్ళని అడగండి. హెచ్‌ఆర్‌ని అడిగితే అన్నీ బాగున్నాయనే చెప్తారు.

తుని_అమ్మాయి:
అందరికీ థాంక్స్. ఆయనకి ఫోన్ చేసి పోర్టల్‌లో కాంట్రాక్టు చూపించమంటే, ముందు చేరండి, మూడు నెలలయ్యాక ఎక్కిస్తాం అంటున్నాడు. నాన్న కూడా అక్కడితో చల్లబడ్డారు. ఇంకో డౌట్, పది మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంది. ఏమైనా ఇబ్బందా?

లాలాగూడ_ఫిట్టర్:
ఇబ్బందే, ఇప్పుడే మార్పించండి. పది మెమోలో ఎలా ఉంటే ఆధార్‌లోనూ అలాగే ఉండాలి, లేకపోతే సర్టిఫికెట్ల వెరిఫికేషన్ దగ్గర ఆపేస్తారు. ఆధార్ సెంటర్‌కి ఒరిజినల్ మెమో పట్టుకెళ్ళమనండి. అలాగే బ్యాంకు ఖాతాకి ఆధార్ లింకయిందో లేదో బ్రాంచిలో అడగండి, స్టైపెండ్‌లో ప్రభుత్వం ఇచ్చే వాటా, నెలకి 1500 దాకా, ఆ ఖాతాలోనే పడుతుంది. ఇక ఆ మూడు నెలల మనిషి నంబర్ బ్లాక్ చేసేయండి.