మైక్రోస్కోప్‌లో 40ఎక్స్ ఆబ్జెక్టివ్‌కి (స్లైడు వైపు లెన్స్) 25ఎక్స్ ఐపీస్ (కంటి వైపు లెన్స్) పెడితే 1000 రెట్లు వచ్చినట్టేనా?

కాంతిరేఖ: ఆబ్జెక్టివ్ మీద 40/0.65, దాని కింద 160/0.17 అని ఉంది. 10ఎక్స్ ఐపీస్‌తో ఉల్లిపొర కణాలు చక్కగా కనిపిస్తున్నాయి. 25ఎక్స్ పెడితే కణాలు పెద్దవయ్యాయి గానీ గోడల అంచులు మసక, వెలుగు కూడా తగ్గిపోయింది. 100ఎక్స్ ఆయిల్ ఆబ్జెక్టివ్‌తో (స్లైడుకీ లెన్స్‌కీ మధ్య నూనె చుక్క వేసి వాడేది) 10ఎక్స్ ఐపీస్ పెడితే వచ్చే 1000, ఇదీ ఒకటి కాదా?

నాభి: గుణకారం సరైనదేనండీ, 1000 వచ్చింది. వివరమే రాలేదు. ఆబ్జెక్టివ్ 40 రెట్లు పెద్దదైన తలకిందుల నిజ ప్రతిబింబాన్ని ఐపీస్ లోపలి నల్ల రింగు దగ్గర ఏర్పరుస్తుంది. ఐపీస్ ఆ బొమ్మను చూసే భూతద్దం, అంతే. 250 మి.మీ.ని దాని నాభ్యంతరంతో భాగిస్తే దాని రెట్లు తెలుస్తాయి: 25 మి.మీ. అయితే 10, 10 మి.మీ. అయితే 25. ఆబ్జెక్టివ్ దగ్గరే కలిసిపోయిన రెండు చుక్కల్ని ఆ తర్వాత ఏ భూతద్దమూ విడదీయలేదు.

విడదీసే పని ఆ 0.65ది, అంటే న్యూమరికల్ అపెర్చర్‌ది (ఆబ్జెక్టివ్ ఎంత వెడల్పు కోణం నుంచి కాంతిని తీసుకోగలదో చెప్పే అంకె). పచ్చ కాంతికి (తరంగదైర్ఘ్యం 0.55 మైక్రాన్లు) రెండు చుక్కలు విడిగా కనిపించాలంటే వాటి మధ్య ఉండాల్సిన కనీస దూరం 0.61 × 0.55 ÷ 0.65, సుమారు 0.52 మైక్రాన్లు. 1.25 ఉన్న ఆయిల్ ఆబ్జెక్టివ్‌కి 0.27. మోటు లెక్కన అపెర్చర్‌కి 500 నుంచి 1000 రెట్ల వరకే ఉపయోగం. మీ 0.65కి 325 నుంచి 650. పాత 400 అందులో హాయిగా ఇమిడింది, 1000 ఉత్త సాగదీత.

స్లైడు_మూల: వెలుగు తగ్గడం సహజమే. అదే కాంతి 2.5 × 2.5, అంటే 6.25 రెట్ల వైశాల్యం మీద పరుచుకుంటోంది. అలాగని కాంట్రాస్ట్ కోసం కండెన్సర్ (స్లైడు కింద కాంతిని కేంద్రీకరించే లెన్స్) డయాఫ్రం, అంటే దాని తెరిచి మూసే రంధ్రం, మరీ మూసేస్తే ఉన్న వివరం కూడా పోతుంది. ఐపీస్ తీసి గొట్టంలోకి చూడండి. వెలుగు వలయం ముప్పావు వంతు నిండేలా డయాఫ్రం తెరవండి.

ఆ 0.17 కవర్‌స్లిప్ (స్లైడు మీద కప్పే పలచటి గాజు) మందం, మి.మీ.లో. 0.65 ఆబ్జెక్టివ్‌కి ఇది పట్టింపే. ఉల్లిపొర ముడతపడి కవర్‌స్లిప్ కింద నీళ్లు ఎక్కువైతే మందం పెరిగినట్టే లెక్క, బొమ్మ మీద పలచటి పొగ కమ్ముతుంది. అంచున ఫిల్టర్ పేపర్ ఆనించి నీళ్లు పీల్చేయండి. 10ఎక్స్ ఐపీస్‌తో కూడా మసకగా ఉంటే ముందు చూడాల్సింది ఇదే.

గొట్టం_పొడవు: 160 సంగతి ఎవరూ చెప్పలేదు. అది గొట్టం పొడవు, మి.మీ.లో. 160 బదులు ∞ గుర్తున్న ఆబ్జెక్టివ్‌ని (గొట్టంలో విడిగా ట్యూబ్ లెన్స్ ఉన్న మైక్రోస్కోప్ కోసం చేసింది) 160 బాడీకి బిగిస్తే మర సరిపోవచ్చు గానీ, ట్యూబ్ లెన్స్ లేక 40 అన్న అంకె చెల్లదు, బొమ్మా చెడుతుంది. నిజంగా ఎన్ని రెట్లో తేల్చాలంటే స్టేజ్ మైక్రోమీటర్ (సన్నని కొలత గీతలున్న స్లైడు) పెట్టి చూడండి. ఐపీస్ ఫీల్డ్ నంబరు (అందులో కనిపించే ప్రతిబింబ వలయం వ్యాసం, మి.మీ.లో) 18 అయితే 40ఎక్స్‌తో వలయం అడ్డంగా 0.45 మి.మీ. రావాలి, అంటే 0.01 మి.మీ. గీతలు 45.