కాంపాక్ట్ పిస్టల్: మోయడం తేలిక, మరి పేల్చడం?

ప్రశ్న

చట్టప్రకారం లైసెన్సు పొంది, ఆత్మరక్షణ కోసం తొలిసారి చేతి తుపాకీ తీసుకోబోయేవారికి తరచుగా వినిపించే సలహా "కొత్తవారు కదా, చిన్నది తీసుకోండి" అన్నది. ఈ సలహా సరైనదేనా? పూర్తి పరిమాణపు పిస్టల్‌తో పోలిస్తే కాంపాక్ట్ (చిన్న పరిమాణపు) పిస్టల్ కొత్తవారికి మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అన్న విషయంపై సభ్యులు కారణాలతో సహా తమ అభిప్రాయం చెప్పవలసిందిగా కోరుతున్నాను.

సమాధానం 1

మేలే చేస్తుందని నా అభిప్రాయం. బరువని ఇంట్లోనే వదిలేసిన పెద్ద పిస్టల్ ఆపదలో అక్కరకు రాదు. నడుముకు కట్టుకొని రోజంతా కూర్చోగలిగినది, వంగగలిగినది మాత్రమే వస్తుంది. పూర్తి పరిమాణపు గ్లాక్ 17 బ్యారెల్ (తూటా బయటికి వచ్చే గొట్టం) 114 మిల్లీమీటర్లు, దాని మ్యాగజైన్‌లో (తూటాలు నింపే డబ్బాలో) 17 తూటాలు పడతాయి. 1988లో వచ్చిన కాంపాక్ట్ పిస్టల్ గ్లాక్ 19 బ్యారెల్ 102 మిల్లీమీటర్లు, తూటాలు 15. వదులుకునేది ఇంత తక్కువైనా, పిడి పొట్టిదవడం వల్ల దుస్తుల మీదికి ఉబ్బి కనిపించే భాగం బాగా తగ్గుతుంది. అమెరికా సైన్యం 2017లో ఎం17 పిస్టల్‌తో పాటు దానికంటే పొట్టిదైన ఎం18ను కూడా ఎంపిక చేసింది. అమెరికా సాయుధ దళాల్లో ఒకటైన మెరైన్ కోర్ అయితే ఎం18నే తీసుకుంది. కాంపాక్ట్ అంటే చేతకానివారి ఆయుధం అనుకోవడానికి వీల్లేదని చెప్పడానికి ఇదే చాలు.

సమాధానం 2

గ్లాక్ 19 దగ్గర ఆగితే పై సభ్యుల వాదన నిలుస్తుంది. కానీ "చిన్నది తీసుకోండి" అనేవారు కొత్తవారి చేతిలో, ముఖ్యంగా స్త్రీల చేతిలో, వృద్ధుల చేతిలో పెట్టేది అంతకంటే చిన్నవైన గ్లాక్ 26, 2018లో వచ్చిన సిగ్ పీ365 వంటి పిస్టళ్లను. నా అభ్యంతరమంతా అక్కడే ఉంది.

అదే 9 మిల్లీమీటర్ల తూటాను తేలికైన తుపాకీతో పేల్చినప్పుడు ఆ తుపాకీ మరింత వేగంగా వెనక్కి తన్నుతుంది. బరువు ఐదో వంతు తగ్గితే ఆ తన్నుకు ఉండే శక్తి సుమారు నాలుగో వంతు పెరుగుతుంది. అదే సమయంలో పిడి పొట్టిదై చిటికెన వేలికి చోటు లేకుండా పోతుంది కాబట్టి, గట్టిగా పట్టుకోవలసిన తుపాకీని తక్కువ వేళ్లతో పట్టుకోవలసి వస్తుంది. పొట్టి స్లైడ్‌ను (పేల్చినప్పుడు వెనక్కి జరిగే పై భాగాన్ని) అదుపులో ఉంచడానికి స్ప్రింగును బిగువుగా పెడతారు. దానిని వెనక్కి లాగడం బలహీనమైన చేతులకు కష్టం. చిన్న చేతులకు సులువని ఎంపిక చేసిన వస్తువు నిజానికి ఆ చేతులనే ఎక్కువగా పరీక్షిస్తుంది.

గురి సంగతి ఇంకా స్పష్టంగా లెక్కకు వస్తుంది. ముందు, వెనుక సైట్ల (గురి చూసే గుర్తుల) మధ్య దూరం గ్లాక్ 17లో సుమారు 165 మిల్లీమీటర్లు, గ్లాక్ 26లో సుమారు 137. ముందు సైటు ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే పది మీటర్ల దూరంలో తూటా మొదటిదానితో 61 మిల్లీమీటర్లు, రెండవదానితో 73 మిల్లీమీటర్లు తప్పుతుంది. పొట్టి బ్యారెల్ తనంతట తాను గురిని చెడగొట్టదు, పేల్చేవారి పొరపాటును పెద్దది చేస్తుంది. ఎవరు ఎక్కువ పొరపాట్లు చేస్తారు? కొత్తవారే కదా. అద్దంలో ఎర్ర చుక్కతో గురి చూపే రెడ్ డాట్ సైట్ ఈ ఒక్క లోపాన్ని తీరుస్తుంది కానీ చేతికి తగిలే తన్నును తగ్గించదు.

సమాధానం 3

ఇద్దరు సభ్యులూ తుపాకీ ధరించినవారి వైపు నుంచే మాట్లాడారు. చుట్టూ ఉన్నవారి వైపు నుంచి చూస్తే, సులువుగా దాగడం అనే గుణం నేరం చేయదలచినవారికి కూడా అంతే ఉపయోగపడుతుంది. 1865లో లింకన్ హత్యకు వాడినది జేబులో ఇమిడే డెరింజర్ పిస్టల్. చట్టాలు ఈ భయాన్ని మిల్లీమీటర్లలో కొలిచాయి. అమెరికాలో 1968 తుపాకుల నియంత్రణ చట్టం తరువాత దిగుమతి పిస్టళ్లకు పరిమాణాన్ని, బరువును బట్టి పాయింట్లు వేయడం మొదలైంది; వాల్తర్ పీపీకే అనే చిన్న పిస్టల్ అందులో నెగ్గలేకపోవడంతో, దాని స్లైడ్‌ను పెద్దదైన పీపీ చట్రానికి అమర్చి పీపీకే/ఎస్ తయారుచేశారు. కెనడా 105 మిల్లీమీటర్లు, అంతకంటే తక్కువ బ్యారెల్ ఉన్న చేతి తుపాకులను నిషిద్ధ తరగతిలో చేర్చింది కాబట్టి, అక్కడి కోసం గ్లాక్ 19ను 106 మిల్లీమీటర్ల బ్యారెల్‌తో చేయవలసి వచ్చింది.

సమాధానం 1 ఇచ్చిన సభ్యుల ప్రత్యుత్తరం

బయటికి కనిపించే తుపాకీ జనాన్ని బెదరగొడుతుంది, లాక్కోవాలన్న ఆలోచన కూడా కలిగిస్తుంది. కాబట్టి చట్టానికి లోబడి ధరించేవారికి దాచడం ఒక బాధ్యతే అని నేను భావిస్తున్నాను. పైన చెప్పిన తన్ను, పట్టు రెండూ సాధనతో చాలావరకు అదుపులోకి వస్తాయి.

సమాధానం 2 ఇచ్చిన సభ్యుల ప్రత్యుత్తరం

సాధనతో వస్తాయన్నది నిజమే, కానీ చేతికి నొప్పి కలిగించే తుపాకీతో ఎవరూ ఎక్కువ సాధన చేయరు. దాచడం బాధ్యత అయినప్పుడు, ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్ (తుపాకీ ఒర) కూడా అంతే బాధ్యత. చిన్న పిస్టల్‌ను హోల్‌స్టర్ లేకుండా జేబులోనో సంచిలోనో పడేసే అలవాటు సులువుగా అవుతుంది, అక్కడ తాళంచెవి వంటిది ట్రిగ్గర్‌లో చిక్కుకున్నా, పిల్లల చేయి పడినా అనర్థమే. అందువల్ల కొత్తవారు ముందు పూర్తి పరిమాణపు పిస్టల్‌తో శిక్షకుల సమక్షంలో నేర్చుకోవాలి. ఆ తరువాత ఒకే లక్ష్యం మీద రెండు పరిమాణాలతోనూ ఆగకుండా అయిదేసి తూటాలు పేల్చి, రెండిటి తూటా రంధ్రాల గుంపుల వెడల్పు కొలిచి చూసుకోవాలి. ఆ తేడా తమకు సమ్మతమైతేనే చిన్నదానికి మారాలి.