సమస్య: కొండ కొనను కడలి గూడు కట్టె

పద్యమిత్రులారా, ఈసారి ఎవరెస్టు మీద ఆటవెలది. నాలుగో పాదం పైన ఉంది, మిగతా మూడు మీవి. ఎనిమిదిన్నర కిలోమీటర్లకు పైబడిన ఎత్తున సముద్రానికి ఏం పని? ఆ ముడి విప్పాలి.

హనుమకొండ తమ్ముడి పూరణ:

నిన్న రేయి నేను కలగంటి నొకవింత
మంచుకొండ మీద మబ్బు దాటి
అలలు లేచె నచట నాకాశ మంతట
కొండ కొనను కడలి గూడు కట్టె

తమ్ముడూ, మొదటి పాదంలో యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ ఉండాల్సిన పొందిక) తప్పింది. 'ని'కి 'క' కుదరదు. "నిన్న రేయి నేను నిదురలో కలగంటి" అంటే సరిపోతుంది. అంతకంటే పెద్ద లోపం కల. కలలో ఏదైనా జరుగుతుంది కాబట్టి ముడి విప్పే పనే లేకుండా పోయింది. మూడో పాదం నడక మాత్రం బాగుంది.

జగిత్యాల మాస్టారు పంపినది:

మనువు నావ నపుడు మత్స్యంబు లాగగ
శిఖరమందు తాడు చేర్చి నిలిపె
ప్రళయజలము లెగసి పర్వతం బంటంగ
కొండ కొనను కడలి గూడు కట్టె

మాస్టారూ, నమస్కారం. భారతం అరణ్యపర్వంలో మనువు నావను హిమవంతుని శిఖరానికి కట్టిన కథ సరిగ్గా అతికింది. యతులన్నీ పక్కా. అయితే ప్రళయజలం వచ్చి పోయేది. గూడు అంటే నిలిచి ఉండేది కదా?

పరకాల సైన్సు టీచరమ్మ పూరణ:

పూర్వకాలమందు భూమిపలక లొత్త
జలధి యడుగు రాయి సాగి పైకి
మెల్లమెల్ల లేచి మేఘముల్ దాటగ
కొండ కొనను కడలి గూడు కట్టె

నాకు కావలసిన దారి ఇదే. ఎవరెస్టు కొన సున్నపురాయి. 45 కోట్ల ఏళ్లకు పైబడిన సముద్రపు అడుగు అది. ట్రైలోబైట్లు, సముద్రలిల్లీలు అనే సముద్రప్రాణుల శిలాజపు ముక్కలు ఆ రాతిలో ఉన్నాయి. సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట భారత పలక (భూమి పైపొరలో మన దేశాన్ని మోసే ముక్క) ఉత్తరాన ఆసియాను గుద్దుకోవడంతో నడుమ ఉన్న టెథిస్ సముద్రం మూసుకుపోయి, దాని అడుగు మడతలు పడి పైకి లేచింది. ఇంకా లేస్తూనే ఉంది, ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు. "మెల్లమెల్ల" అన్న మాట అందుకే నాకు ఎంతో నచ్చింది. ఒక్కటే వెలితి, పద్యంలో గూడు ఎక్కడ?

టీచరమ్మ జవాబు: "నిజమే సార్. రెండో పాదం 'జలధిపురుగు గూళ్ళు శైలమగుచు' అని మారిస్తే?"

అద్భుతం అమ్మా! జ-శై యతి చెల్లుతుంది. ఆ ప్రాణుల గుల్లలే పేరుకుని సున్నపురాయి అయ్యాయి కాబట్టి ఇప్పుడు ప్రతి మాటా నిజం.

హనుమకొండలోని మన పద్మాక్షి గుట్టకూ ఈ సమస్య చెల్లుతుందా అని ఒకరు అడిగారు. చెల్లదు. మన గుట్టలు లోపలి కరుగురాయి చల్లారి గట్టిపడిన గ్రానైటు, వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఆ రాతిలో గుల్లలు దొరకవు.

కరీంనగర్ అన్న పద్యం పంపలేదు, ఎవరెస్టు ఎత్తు మొదట ఎవరు లెక్కగట్టారని అడిగారు. 1852లో, భారత సర్వేలో గణకుడైన రాధానాథ్ సిక్దర్. 1856లో 29,002 అడుగులని ప్రకటించారు. 2020లో నేపాల్, చైనా కలిసి చెప్పిన లెక్క 8,848.86 మీటర్లు. 1865లో ఆ శిఖరానికి భారత సర్వే మాజీ అధిపతి జార్జ్ ఎవరెస్ట్ పేరు పెట్టారు. ఆయన 1818 చివర హైదరాబాదులో, దేశాన్ని త్రికోణాలతో కొలిచే సర్వే నడిపిన లాంబ్టన్ దగ్గర చేరి, కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో కొలతలు తీస్తూ విషజ్వరం పడ్డాడు. దీని మీద ఎవరైనా సీసపద్యం రాస్తే చదవాలని ఉంది.

నిజామాబాద్ చెల్లెలి పూరణ:

పల్లెటూరి పిల్ల పదునాల్గు నిండక
పూర్ణ మంచు మీద పొంగి నిలువ
తోడివాని పేరు తోచె నానందమై
కొండ కొనను కడలి గూడు కట్టె

2014 మే 25న మీ జిల్లా మాలావత్ పూర్ణ, ఖమ్మం ఆనంద్ కుమార్ టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కారు. అప్పటికి పూర్ణ వయసు 13 ఏళ్ల 11 నెలలు. ఇద్దరూ భువనగిరి గుట్ట మీద శిక్షణ పొందినవాళ్లే. తోటివాడి పేరునే ఆనందసముద్రం చేయడం గొప్ప ఊహ. కానీ కడలికీ ఆనందానికీ లంకె వదులుగా ఉంది. "తోడివాని పేర తోచు నానందమే" అంటే ఆ ఆనందమే కడలి అని బిగుస్తుంది. గణాలూ యతీ చెడవు.

నా ఓటు టీచరమ్మ సవరించిన పద్యానికి. ఆదివారం దాకా ఇంకా పంపవచ్చు, కలలు మాత్రం వద్దు.