వామపక్షం అంటే కమ్యూనిజమేనా?

గోదారిగట్టు:
ఆదివారం భోజనాల దగ్గర మా బాబాయితో పెద్ద వాదన అయింది. "మార్క్స్ లేకపోతే వామపక్షమే లేదు" అంటాడాయన. నేను ఒప్పుకోను. మార్క్స్ పుట్టింది 1818లో. వామ అంటే ఎడమ. ఆ ఎడమ 1789లోనే, ఫ్రెంచి విప్లవం రోజుల్లో, ఫ్రాన్స్‌లో వెర్సాయ్ సభలో మొదలైంది.

అప్పుడు జాతీయ సభ రాజ్యాంగం రాసుకుంటోంది. సభ చేసిన చట్టాన్ని రాజు ఒక్కడే శాశ్వతంగా కొట్టేయవచ్చా? అసలు తగువు అదీ. కొట్టేయవచ్చన్నవాళ్లు సభాధ్యక్షుడికి కుడివైపు చేరారు, కూడదన్నవాళ్లు ఎడమవైపు. ఎవరూ సీట్లు పంచలేదు. గోవిల్ అనే ప్రభువు తన డైరీలో రాసుకున్నాడు కూడా: మతం మీద, రాజు మీద భక్తి ఉన్న తాము అవతలివాళ్ల అరుపులు, తిట్లు పడలేక కుడివైపుకి వెళ్లామని. సెప్టెంబర్ 11న ఓట్లు వేశారు. రాజు చట్టాన్ని కొంతకాలం ఆపగలడంతే అన్నవాళ్లు 673 మంది, పూర్తి వీటో, అంటే శాశ్వతంగా కొట్టేసే అధికారం, కావాలన్నవాళ్లు 325 మంది. ఇందులో ఫ్యాక్టరీ లేదు, కార్మికుడు లేడు. ఆఖరి మాట ఎవరిది అన్నదే ప్రశ్న.

ఓరుగల్లు:
గోదారిగట్టు గారూ, సీట్లను బట్టి అర్థం చెప్పడం కుదరదండీ. మన లోక్‌సభలో ప్రతిపక్షం ఏ పార్టీదైనా స్పీకర్‌కి ఎడమవైపే కూర్చుంటుంది. అంతమాత్రాన అది వామపక్షం అయిపోదు కదా.

ఇంకో సంగతి. 1791లో పారిస్ వడ్రంగులు కూలి పెంచమని సంఘంగా కలిశారు. ఆ జూన్ 14న లె షాపెలియే చట్టం వచ్చి సంఘాలను, సమ్మెలను నిషేధించింది. ఆ చట్టం తెచ్చిన మనిషి మీరు చెప్పే ఎడమవైపు వాడే. ఫ్రాన్స్‌లో కార్మిక సంఘం చట్టబద్ధం కావడానికి 1884 దాకా పట్టింది. పేదవాడి పక్షాన నిలబడనిదాన్ని నేను వామపక్షం అనలేను. ఈ అర్థం తెచ్చింది సోషలిస్టులే, మీ బాబాయి మాటలో సగం నిజం ఉంది.

సిద్దిపేట చదువరి:
ఆడవాళ్ల సంగతి కూడా చూడండి. 1793 అక్టోబర్‌లో మహిళా క్లబ్బులను మూయించింది కుడివైపు వాళ్లు కాదు, అప్పటి కన్వెన్షన్ అనే సభలోని ఎడమవైపు వాళ్లే. అదే సభ 1794 ఫిబ్రవరిలో వలసల్లో బానిసత్వాన్ని రద్దు చేసింది. రెండూ ఒకే చేత్తో చేశారు.

గోదారిగట్టు:
ఓరుగల్లు గారూ, వడ్రంగుల విషయం కాదనను, అది అన్యాయమే. కానీ ఎందుకు చేశారో చూడాలి. విప్లవానికి ముందరి రాజ్యంలో వృత్తి శ్రేణులకు, అంటే ఒక్కో వృత్తివాళ్ల కట్టుబాటు సంఘాలకు, పుట్టుకతో వచ్చినట్టు హక్కులుండేవి. బయటివాడిని పని ముట్టనిచ్చేవి కావు. వాటిని అప్పుడే రద్దు చేశారు. కూలీల సంఘం కూడా అలాంటిదేనని పొరబడ్డారు. కూలికి, యజమానికి మధ్య బలం సమానం కాదన్నది వాళ్లకు కనిపించలేదు. దాన్ని చూసింది సోషలిస్టులు. అక్కడ మీతో ఏకీభవిస్తాను.

అయితే స్వేచ్ఛా వాణిజ్యం కోసం గట్టిగా వాదించిన ఆర్థికవేత్త బాస్టియా 1848లో ఫ్రెంచి సభలో ఎడమవైపు కూర్చున్నాడు. మరుసటి ఏడు సమ్మె హక్కు కోసం సభలో మాట్లాడాడు. ఆయన్ని కమ్యూనిస్టు అనగలమా?

ఓరుగల్లు:
అనలేం. బాస్టియా సంగతి నాకు తెలియదు, చదువుతాను. కానీ ఈరోజు ఒక కూలీ మనిషిని వామపక్షం అంటే ఏమిటని అడిగితే వీటో గురించి చెప్పడు, కూలి రేటు గురించి చెబుతాడు. ఆయన చెప్పే అర్థం తప్పని నేను అనను.